ఉద్యోగ ప్రయాణానికి ఒక విశ్రాంతి దినం
(మంగినపూడి, దివిసీమ ప్రాంతాలకు పనిమీద వచ్చువారికి ఆయుర్వేద సూచనలు)

పూర్వం ప్రయాణమనగా తీర్థయాత్ర. పది దినాలు నడచినవాడు క్షేత్రంలో మూడు రాత్రులు నిద్రచేసి, స్నానపానాదులతో సేదదీరి, అటుపిమ్మట తిరుగుముఖం పట్టెడివాడు. నేటి ప్రయాణం అట్టిది కాదు. రాత్రి బస్సులో వచ్చి, పగలంతా పనిచేసి, మరల రాత్రి బస్సులోనే వెడలిపోవుట పరిపాటియైనది. దేహం వెళ్ళివచ్చును గాని విశ్రాంతి మాత్రం ఎక్కడా దొరకదు. ఈ లోటు ఎన్ని వ్యాధులకు మూలమగుచున్నదో, దానిని ఒక్క దినంతో ఎట్లు పూరించుకొనవచ్చునో ఈ వ్యాసంలో వివరించెదను.

మా కృష్ణా డెల్టాకు పనిమీద వచ్చువారు తక్కువేమీ కారు. ధాన్యం, బియ్యం వర్తకానికి గుడివాడకు, కలంకారీ వస్త్రాలకు పెడనకు, రోల్డుగోల్డు నగలకు చిలకలపూడికి, చేపలు రొయ్యల బేరాలకు కైకలూరు వైపునకు, జిల్లా కార్యాలయాల పనులకు బందరుకు నిత్యం ఎందరో వచ్చుచుందురు. మచిలీపట్నం వద్ద 2023లో కొత్త ఓడరేవు పనులు ప్రారంభమైన పిదప ఈ రాకపోకలు ఇంకను పెరిగినవి. వీరిలో అనేకులు సముద్రానికి పదకొండు కిలోమీటర్ల దూరం వరకు వచ్చి, సముద్రం మొగం చూడకుండానే మరలిపోవుదురు.

ప్రయాణం దేహంలో చేయు మార్పు

రూక్షత, చలనం, శీతలత్వం వాతానికి స్వభావసిద్ధమైన గుణాలు. సమాన గుణాలతో కూడినచో ఏ దోషమైనను వృద్ధి పొందునని ఆయుర్వేద సిద్ధాంతం. ప్రయాణంలో చలనమున్నది, ఎదురుగాలి ఉన్నది, వేళకాని వేళ భోజనమున్నది, రాత్రి జాగరణమున్నది. రాత్రి మేలుకొనుట దేహాన్ని ఎండగట్టునని చరకుడు చెప్పియున్నాడు. కనుక ప్రయాణికునిలో మొట్టమొదట ప్రకోపించునది వాతమే. నడుము పట్టివేయుట, మలబద్ధకం, కడుపుబ్బరం, చర్మం పొడిబారుట, నిద్ర పలుచబడుట, చిన్న మాటకు పెద్ద కోపం వచ్చుట దాని లక్షణాలు.

వీటన్నిటికంటె కీడు చేయునది వేగధారణం. మలమూత్రాదులు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర, శ్రమచేసినప్పటి ఆయాసం మొదలైన పదమూడు సహజ వేగాలను బలవంతంగా ఆపరాదని శాస్త్రం. ప్రయాణంలో వీటిలో సగమైనా ఆపనివాడు అరుదు. ముఖ్యంగా స్త్రీలు త్రోవలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదను భయంతో ఉదయం నుండి నీరు త్రాగుటయే మానివేయుదురు. మూత్రంలో మంట, జ్వరం, నడుమునొప్పితో నా వద్దకు వచ్చిన ఉద్యోగినులలో పలువురు ఈ అలవాటు గలవారే. నీరు మానుట పరిహారం కాదు. బయలుదేరుటకు ముందే ఎచ్చట ఆగవలెనో నిర్ణయించుకొని, ఆ ప్రకారం ఆగుటయే పరిహారం.

గంటల తరబడి కాళ్ళు వ్రేలాడవేసి కూర్చున్నచో పిక్కలలోని సిరలలో రక్తం గడ్డకట్టు ప్రమాదం కలదని ఆధునిక వైద్యులు చెప్పుదురు. ఇది పాటింపదగిన మాట. రెండు గంటలకొకసారి దిగి నాలుగడుగులు నడువవలెను. ప్రయాణానంతరం ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినను, ఆకస్మికంగా ఆయాసం గాని రొమ్ములో నొప్పి గాని వచ్చినను తైలాలు మర్దిస్తూ కాలయాపన చేయక తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఒక రోగి వృత్తాంతం

కొన్ని సంవత్సరాల క్రిందట హైదరాబాదు నుండి ఒకాయన నెలకు రెండుసార్లు గుడివాడ ప్రాంతపు మిల్లులకు లెక్కలు చూచుటకు వచ్చెడివాడు. వయస్సు నలుబది ఎనిమిది. రక్తపోటుకు మాత్రలు వాడుచుండెను. వేకువనే కారులో బయలుదేరి, పగలంతా పనిచేసి, చీకటిపడిన తరువాత తానే నడుపుకొంటూ తిరిగిపోవుట ఆయన నియమం. ఒక రాత్రి నందిగామ దాటిన పిమ్మట క్షణకాలం కన్నుమూతపడి, కారు రోడ్డు మధ్యనున్న దిమ్మెకు కొట్టుకొన్నది. ప్రాణాపాయం తప్పినది. ఆ తరువాత నడుమునొప్పికి చికిత్స కోరి నా వద్దకు వచ్చినాడు.

నేను నడుముకు తైలం వ్రాసి ఇచ్చి, “ఇకమీదట పని అయిన రాత్రి ఇక్కడే పడుకొని మరునాడు వెళ్ళండి బాబూ” అన్నాను. “పని అయిపోయింది గదండీ, ఇంక ఇక్కడుండి ఏం చేస్తానండీ?” అని ఆయన ప్రశ్న. “ఏమీ చేయకుండుటకే ఉండమంటున్నాను” అన్నాను. ఆయనకు ఆ మాట నచ్చలేదు. కాని ఇంట్లో ఇల్లాలు పట్టుబట్టినది. అప్పటినుండి పనిని గురు, శుక్రవారాలకు మార్చుకొని, శనివారం బందరులో గడిపి, ఆదివారం ఉదయం పగటి వెలుతురులో బయలుదేరుట మొదలుపెట్టినాడు. రెండు మూడు నెలలకొకసారి ఇల్లాలిని కూడ వెంటబెట్టుకొని వచ్చెడివాడు. ఆరు నెలలకు నిద్ర కుదుటపడినది, మలబద్ధకం పోయినది, నడుమునొప్పి చాలవరకు తగ్గినది. రక్తపోటు మాత్రలు మాత్రం మానలేదు. వాటిని మానుమని నేను చెప్పనూలేదు. అది వాటిని ఇచ్చిన వైద్యుడు తేల్చవలసిన విషయం.

రాత్రివేళ నిద్రను బలవంతంగా ఆపుకొని వాహనం నడుపుట కూడ వేగధారణమే. తక్కిన వేగధారణాలు వ్యాధినిచ్చును. ఇది ప్రాణాన్నే తీయగలదు, అదియు నడుపువానిది మాత్రమే కాదు. ఇందుకొరకైనను ఒక రాత్రి ఆగుట అవసరం.

బడలికకు శాస్త్రం చూపిన మార్గాలు

పగటినిద్ర సాధారణంగా నిషిద్ధం. గ్రీష్మంలో దానికి మినహాయింపు కలదు. త్రోవనడచి అలసినవారికి మాత్రం చరకుడు అన్ని ఋతువులలోను పగటినిద్రను అనుమతించినాడు. దానికి కొలతను వాగ్భటుడు చెప్పినాడు: రాత్రి ఎంతకాలం మేలుకొన్నామో అందులో సగం కాలం, మరునాటి ఉదయం, భోజనానికి పూర్వం నిద్రింపవచ్చును. రాత్రి నాలుగు గంటల నిద్ర చెడినచో ఉదయం రెండు గంటలు నిద్రించుట చాలును. భోజనం చేసి సాయంకాలం వరకు పడుకొనుట కఫాన్ని పెంచి, తలబరువును, మందాగ్నిని కలిగించును.

రెండవది అభ్యంగనం. గోరువెచ్చని నువ్వులనూనెను ఒడలంతటికి పట్టించవలెను. అందుకు వీలుకానిచో తలకు, చెవులకు, అరికాళ్ళకైనను పట్టించి, అరగంట ఆగి వేడినీటి స్నానం చేయవలెను. అభ్యంగనం శ్రమను, వాతాన్ని పోగొట్టును. అజీర్ణం, జ్వరం, పడిశం ఉన్నవారు మాత్రం ఆ దినం నూనె జోలికి పోరాదు.

మూడవది ఆహారం. చరకుడు శ్రమను హరించు ద్రవ్యాలు పదింటిని ఒకచోట కూర్చినాడు. అవి ద్రాక్ష, ఖర్జూరం, సారపప్పు, రేగు, దానిమ్మ, ఫల్గువనబడు మేడిజాతి పండు, పరూషకం, చెరకు, యవలు, అరువది దినాలలో పండు షష్టిక ధాన్యం. ఈ పట్టికను చూచినప్పుడెల్లా మా సీమ స్మరణకు వచ్చును. ఉయ్యూరు పరిసరాల చెరకు, సంక్రాంతినాటి రేగుపండ్లు, డెల్టా అంతటా వరిచేలు. బజారులో సీసాలలో అమ్ము శీతల పానీయానికి బదులు ఒక దానిమ్మపండు, నానబెట్టిన ఇరువది ఎండుద్రాక్షలు తీసికొన్నచో బడలిక త్వరగా తీరును. మధుమేహులు ద్రాక్ష, ఖర్జూరం, చెరకురసం వర్జించి, పలుచని మజ్జిగ పుచ్చుకొనవలెను.

ఎచ్చట గడపవలెను?

నీరు, చెట్లు, తేమగాలి అధికంగా గల భూమిని శాస్త్రం ఆనూపదేశమన్నది. కృష్ణా డెల్టా అట్టిదే. పొడిగాలులు వీచు మెట్ట ప్రాంతాల నుండి, ఎండిన దేహంతో వచ్చువారికి ఒకటి రెండు దినాలు ఈ గాలి హితం. కీళ్ళవాతం, ఉబ్బసం కలవారు మాత్రం తెల్లవారుజామున సముద్రపు గాలిలో తిరుగరాదు. సూర్యుడు పైకి వచ్చిన తరువాత, చెవులకు బట్ట కట్టుకొని పోవలెను.

మంగినపూడి: బందరుకు సుమారు 11 కిలోమీటర్లు. ఇక్కడి తీరం విశాఖపట్నం తీరంవలె తెల్లని ఇసుక కాదు. బంకమన్ను కలిసిన నల్లని నేల. చాల దూరం వరకు లోతు తక్కువ. కార్తీక, మాఘ పౌర్ణములకు వేలాదిమంది సముద్రస్నానానికి వచ్చుదురు. సమీపంలోనే దత్తాశ్రమం, అందు పన్నెండు స్నానపు బావులు కలవు. పర్వదినాలు కాని వారపు దినాలలో ఉదయం ఏడు గంటలకు వెళ్ళినచో తీరమంతయు ప్రశాంతంగా ఉండును. తడినేలపై వట్టి కాళ్ళతో అరగంట నడచి, అలలను చూచుచు మౌనంగా కూర్చుండుటయే ఇక్కడ చేయవలసినది.

దివిసీమ: పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలగును. ఆ పాయల నడుమ భూమియే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి చేరవచ్చును. అచ్చట వేణుగోపాలస్వామి ఆలయం ఉన్నది. ఇంకను ముందుకు సాగినచో కృష్ణవేణి సాగరంలో కలియు చోటు. ఆ దారిలో మడ అడవులు కానవచ్చును. దీనికి ఒక పూర్తి దినం కావలెను. మధ్యాహ్నం బయలుదేరి చీకటివేళకు తిరిగిరావలెనని పరుగులు పెట్టువారు వెళ్ళకుండుటయే మేలు.

ఘంటసాల, శ్రీకాకుళం, మొవ్వ, కూచిపూడి: నడకకు, ఎండకు ఓర్వలేని వృద్ధులకు ఈ త్రోవ తగినది. ఘంటసాలలో ప్రాచీన బౌద్ధస్తూప శిథిలాలు, జలధీశ్వరాలయం ఉన్నవి. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కొలువైయున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను రచింపుమను ఆనతిని కలలో ఈ స్వామివలననే పొందెనని ప్రసిద్ధి. మొవ్వ క్షేత్రయ్య గ్రామం. కూచిపూడి నాట్యానికి పుట్టినిల్లు. నాలుగింటిని ఒక్క పూటలో చూడదలచక, రెండు మాత్రం ఎన్నుకొనవలెను.

పెడన: మా వైద్యులకు ఇది ప్రియమైన చోటు. కలంకారీ అద్దకానికి ముందు వస్త్రాన్ని కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టుదురు. త్రిఫలలో మొదటిదైన కరక్కాయ ఇక్కడ రంగును నిలుపుచున్నది. దానిమ్మ బెరడు, నీలిమందు వంటి మూలికా ద్రవ్యాలనుండి రంగులు తీయు పద్ధతిని చూచుట కన్నులకు, మనస్సుకు విశ్రాంతి.

బందరు పట్టణం: పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు, ఆంగ్లేయులు వర్తకం సాగించిన రేవు ఇది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ఇచ్చటనే వెలసినది. చిలకలపూడి పాండురంగస్వామి ఆలయంలో సాయంకాలం కొంతసేపు కూర్చుండిన చాలును.

సముద్రం వద్ద జాగ్రత్త

ఈ తీరపు చరిత్రను మరువరాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచివేయగా ముప్పదివేలమంది వరకు మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను తుపాను ఉప్పెన తుడిచిపెట్టినది. వేలాది ప్రాణాలు పోయినవి. అక్టోబరు నుండి డిసెంబరు మధ్య వరకు తుపానుల కాలం. ఆ దినాలలో వచ్చువారు వాతావరణ సూచన చూచుకొని, హెచ్చరిక ఉన్నచో విహారం మానుకొనవలెను. డిసెంబరు చివర నుండి ఫిబ్రవరి వరకు ఉత్తమ కాలం. హేమంత శిశిరాలలో జఠరాగ్ని, బలం రెండును మిక్కుటంగా ఉండును.

లోతు తక్కువను ధైర్యంతో మంగినపూడిలో ముందుకు పోయినవారు ప్రాణాలు పోగొట్టుకొన్న సందర్భాలు కలవు. మోకాలి లోతు దాటరాదు. ఆటు సమయంలో నీరు లోపలికి లాగును. నదీ సంగమం వద్ద ప్రవాహం, అల రెండును కలియుటచే ప్రమాదం మరింత అధికం. హంసలదీవిలో ఈతకు దిగరాదు. చేతులతో ఈది నదిని దాటుట తగదని వాగ్భటుడు దినచర్యాధ్యాయంలోనే నిషేధించినాడు. బెస్తవారు వద్దన్నచోట దిగరాదు. మద్యం పుచ్చుకొన్నవాడు అసలు నీటి అంచుకే పోరాదు.

భోజనం చేసిన వెంటనే స్నానం నిషిద్ధం. పీనసం, చెవిపోటు, అతిసారం, అజీర్ణం ఉన్నవారికి కూడ నిషిద్ధమే. సముద్రస్నానానికి ముందు ఒంటికి కొంచెం నువ్వులనూనె రాచుకొని, తరువాత మంచినీటితో కడుగుకొన్నచో ఉప్పు చర్మాన్ని ఎండగట్టదు.

ఆహార నియమాలు

ఇక్కడి భోజనం రుచికరం. అందుచేతనే జాగ్రత్త అవసరం. చేపలు తిన్నపూట పాలు త్రాగరాదు. ఇది విరుద్ధాహారమని చరకుని మాట. రాత్రి పెరుగు వర్జించవలెను. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల సముద్రపు వేటకు నిషేధం. ఆ దినాలలో సముద్రపు చేప కోరువారు అది ఎప్పటిదో విచారించి మరీ తినవలెను. ఉప్పుచేప, ఊరగాయ అధికమైనచో రక్తపోటు కలవారికి ముప్పు. ఉప్పును అతిగా వాడరాదని శాస్త్రం ఏనాడో చెప్పినది. శనగపిండి, బెల్లం, నెయ్యి కలిసిన బందరు లడ్డు గురువు, స్నిగ్ధం. మంచి ఆకలి గలవాడు మధ్యాహ్నం ఒకటి తినవచ్చును. మధుమేహులు దానిని ఇంటికి పట్టుకొనిపోయి మనుమలకు పంచి సంతోషింపవలెను.

కొత్త చోట నీరు కాచి చల్లార్చి త్రాగవలెను. వెంట ఈ క్రింది వస్తువులు ఉంచుకొన్నచో మేలు.

శొంఠిపొడి: ప్రయాణంలో వికారానికి పావు చెంచా, గోరువెచ్చని నీటితో.
వాము: కడుపుబ్బరానికి అర చెంచా నమిలి వేడినీరు త్రాగవలెను.
త్రిఫల చూర్ణం: మలబద్ధకానికి పడుకొనుటకు ముందు మూడు గ్రాములు వేడినీటితో. గర్భిణులు, విరేచనాలగువారు వాడరాదు.
నువ్వులనూనె: చిన్న సీసా, అరికాళ్ళకు.
అతిసారం కలిగినచో ఓ.ఆర్.ఎస్. పొట్లం నీటిలో కలిపి మాటిమాటికి త్రాగుచు, మలంలో రక్తం గాని జ్వరం గాని ఉన్నచో వైద్యుని చూడవలెను.
నిత్యం వాడు రక్తపోటు, మధుమేహ, గుండె మందులు రెండు దినాలకు అదనంగా ఉంచుకొనవలెను.

విశ్రాంతి దినం నడపవలసిన తీరు

ఉదయం తృప్తిగా నిద్రించి లేచి, అభ్యంగన స్నానం చేసి, ఆకలి వేసినపుడు తేలికగా భుజింపవలెను. ఆ దినానికి ఒకే దిక్కు, ఒకటి రెండు చోట్లు మాత్రమే పెట్టుకొనవలెను. కార్యాలయపు ఫోనును గదిలో వదలివేయుట లేక ఒక నిర్ణీత వేళకు మాత్రమే తీయుట మంచిది. సూర్యాస్తమయానికి బసకు చేరి, రాత్రి భోజనం ఎనిమిది గంటలలోపల ముగించి, పదింటికి నిద్రింపవలెను. ఇంద్రియాలను పీడింపరాదు, అతిగా ముద్దుచేయనూరాదు అను నియమం ఈ దినానికి సరిగా అతుకును. సెలవు దొరికినదని రాత్రంతా త్రాగుచు, వేపుళ్ళు తినుచు గడిపినచో ఆ దినం విశ్రాంతి కాదు, మరొక శ్రమయే. దానికంటె తిన్నగా ఇంటికి పోవుట మేలు.

ఈ అదనపు దినపు ఖర్చు సొంతమైనదిగా ఉండవలెను. సంస్థ సొమ్మును పనిదినాలకు మాత్రమే వాడి, సెలవును ముందుగా అడిగి పుచ్చుకొనవలెను. దాచి గడిపిన దినంలో మనస్సు నిలువదు. సత్యం పలుకుట, అతిశ్రమ పడకుండుట, నిద్రను జాగరణను సమంగా ఉంచుకొనుట ఆచార రసాయనంలోని భాగాలని చరకుడు చెప్పెను. రసాయనమనగానే ఖరీదైన లేహ్యాలను తలచుకొందుము. ఈ రసాయనానికి మూల్యం ఒక రాత్రి బస, మరునాటి ప్రయాణపు టిక్కెట్టు మాత్రమే. బందరు నుండి గుడివాడ మీదుగా విజయవాడకు పగటి రైళ్ళున్నవి. తదుపరి పనికి తేదీ వేసికొనునపుడే తిరుగు టిక్కెట్టును ఒక దినం వెనుకకు, పగటివేళకు తీసికొనుడు.